ఊరి అక్షరాస్యత శాతం తక్కువ రావడానికి కారణం

చోడవరం దగ్గరి మీ ఊరి అక్షరాస్యతను మీరు లెక్కిస్తే 2011 జనగణనలో ఇచ్చిన శాతం కంటే తక్కువ వస్తోందన్నారు. చదువొచ్చినవాళ్ల సంఖ్యను మీరు మొత్తం జనాభాతో భాగించి ఉంటారు. అందుకే తక్కువ వస్తోంది.

1. జనగణనలో ఊళ్లవారీగా ప్రాథమిక అంకెలిచ్చే పట్టిక అయిన ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్‌లో ఊరిని విశాఖపట్నం జిల్లా కిందే వెతకండి. చోడవరం ఇప్పుడున్న అనకాపల్లి జిల్లా 2022లోనే ఏర్పడింది.

2. చాలామంది మర్చిపోయేది ఇదే: ముందు 0–6 ఏళ్ల పిల్లల్ని తీసేయాలి. ఏడేళ్లు నిండినవాళ్లకే ఈ లెక్క. ఉదాహరణకు 1,200 మందిలో పిల్లలు 150, చదువొచ్చినవాళ్లు 630 అనుకోండి. 630ని 1,050తో భాగించాలి. 52.5 కాదు, 60 శాతం వస్తుంది. ఆడవాళ్ల శాతం విడిగా తీసేటప్పుడు ఆడపిల్లల్ని మాత్రమే తీసేయండి. వాళ్లను తీసేయకపోతే ఆడవాళ్ల చదువును తక్కువ చేసి చూపినట్టవుతుంది.

3. ఊరి జనాభాలో ఎస్సీలు, ఎస్టీలు ఎంత శాతమో తీసేటప్పుడు మాత్రం మొత్తం జనాభాతోనే భాగించాలి. బీసీ కులాల అంకెలు ఆ పట్టికలో ఉండవు, వెతకొద్దు.