హిమాలయన్ బైక్ వెనక ఎత్తు ఇంట్లోనే తగ్గించొచ్చా?

నల్గొండ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైక్ మీద కాళ్లు నేలకి ఆనట్లేదు, వెనక సస్పెన్షన్ ఎత్తు ఇంట్లోనే తగ్గించుకోవచ్చా అని.

తగ్గించొచ్చు తమ్ముడూ, కానీ ముందు సీటు సంగతి చూడు. ఆ బండి సీటు ఎత్తు 800 మి.మీ., సీటు కుట్టేవాళ్ల దగ్గర పక్కల ఫోమ్ కొంచెం చెక్కిస్తే బండి జోలికి పోకుండానే కాళ్లు కిందికి అందుతాయి. తర్వాత ప్రీలోడ్ (వెనక స్ప్రింగును ముందే నొక్కి బిగించిన బిగింపు) తగ్గించి చూడు, నువ్వు కూర్చోగానే బండి ఇంకొంచెం దిగుతుంది.

అప్పటికీ చాలకపోతేనే మోనోషాక్ (వెనక ఉండే ఒకే షాక్ అబ్జార్బర్) కింద లింకులు, అంటే దాన్ని చక్రం వైపు కలిపే లోహపు ముక్కలు తీసి, ఆ మోడల్ కోసమే చేసిన పొడవైన లింకులు వేయాలి. సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం కింద చెక్క ముక్క పెట్టి బరువు మోయించు, లేకపోతే బోల్టు తీయగానే చక్రం కిందికి జారి చేతులు నలుగుతాయి. బోల్టులకు గ్రీజు రాసి, మాన్యువల్‌లో చెప్పినంత టార్క్‌తోనే (బిగించే బలంతోనే) బిగించు. స్ప్రింగు మాత్రం కోయకు, కోయమని ఎవరు చెప్పినా వినకు.

వెనక మాత్రమే దించితే హ్యాండిల్ మందంగా తిరుగుతుంది, హెడ్‌లైట్ పైకి కొడుతుంది, అందుకే ముందు కూడా దిగేలా ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలు) వాటిని పట్టి ఉంచే క్లాంపుల్లో కొంచెం పైకి జరపాలి. సైడ్ స్టాండ్ పొడవెక్కువై బండి నిటారుగా నిలబడుతుంది, దాన్ని పొట్టి చేయించకపోతే గాలికే పడిపోతుంది. చైన్ లూజు మళ్లీ చూసుకో. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల మీద వెనక మనిషిని ఎక్కించుకుని మెల్లగా పోయి, ఇంజన్ కింద తగులుతుందేమో చూడు.