బ్యాంకు కార్డు ఇవ్వకుండా క్రూజ్ ఓడలో ఖర్చులన్నీ నగదుతో కట్టొచ్చా? 300 డాలర్లు జమ చేస్తే ఇద్దరికి 7 రాత్రులు సరిపోతాయా?

చాలా కంపెనీల్లో నగదుతో కట్టొచ్చు. 300 మాత్రం సాధారణంగా చాలవు.

ముందుగా ఒకటి తెలుసుకోండి. ఓడలో బార్ దగ్గరో, షాపులోనో నోటు తీసి ఇస్తే పుచ్చుకోరు. ఏం కొన్నా మీ ఖాతాలో రాసుకుంటారు. గది తాళంగా ఇచ్చే కార్డే ఆ ఖాతాకు గుర్తు. క్రూజ్ కంపెనీల్లో దాన్ని రాయల్ కరీబియన్‌లో సీపాస్ అంటారు, కార్నివాల్‌లో సెయిల్ అండ్ సైన్ అంటారు. ప్రిన్సెస్‌లో మెడలో వేసుకునే మెడాలియన్ ఉంటుంది. మీ నగదు పనికొచ్చేది ఆ ఖాతాలో ముందే జమ చేయడానికి, లేదా పేరుకున్న బాకీ తీర్చడానికి.

ఇక 300 లెక్క. జమ చేసిన డబ్బును మొదట తినేది మీరు కొన్న వస్తువులు కాదు, రోజువారీ గ్రాట్యుటీ, అంటే ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్పు. అది కంపెనీని బట్టి మారుతుంది. మనిషికి రోజుకు 17 డాలర్లు అనుకుంటే ఇద్దరికి 7 రాత్రులకు 238 అవుతుంది. మిగిలేది 62. బార్‌లో 12 డాలర్ల డ్రింక్ తీసుకుంటే 18 శాతం సర్వీస్ ఛార్జీ అనుకున్నా 14.16 పడుతుంది. అంటే మొత్తం ప్రయాణానికి నాలుగు డ్రింకులు, అంతే. అందుకే గ్రాట్యుటీని టికెట్‌తో పాటే కట్టేయమని గట్టిగా చెబుతాను. అప్పుడు జమ చేసిన ప్రతి డాలరూ మీ చేతిలో ఉన్నట్టే. వైఫై, డ్రింక్ ప్యాకేజీ, ఒడ్డు మీద టూర్లు కూడా ముందే కొనేస్తే ఓడ మీద ఖర్చు చాలా తగ్గుతుంది.

జమ చేసేది గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో. ఎక్కిన రోజు మధ్యాహ్నం అక్కడ పెద్ద లైను ఉంటుంది. ఎక్కగానే వెళ్లండి, లేదంటే రాత్రి భోజనం తర్వాత వెళ్లండి. నోట్లు మీ ఎదుటే లెక్కపెట్టించుకుని రసీదు తీసుకోండి. ఆ మొత్తం ఖాతాలోకి ఎక్కిందో లేదో యాప్‌లో గానీ, గదిలో టీవీలో గానీ చూసుకోండి. చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది: మీతో వచ్చినవారి గది కార్డు కూడా అదే ఖాతాకు కలిపి ఉందా అని అడగండి. లేకపోతే మీరు డబ్బు కట్టినా వాళ్ల కార్డు బార్‌లో పనిచేయదు. పిల్లలుంటే వాళ్ల కార్డుతో కొనడాన్ని అక్కడే ఆపించేయొచ్చు. జమ అయిపోతే కొనుగోళ్లు ఆగిపోతాయి, మళ్లీ కౌంటర్‌కు వెళ్లి కట్టాల్సిందే.

బ్యాంకు కార్డు ఇవ్వాలంటే మీకు భయం ఉండొచ్చు. డెబిట్ కార్డు విషయంలో ఆ భయం సరైనదే. ఓడవాళ్లు ఖర్చులకు తగ్గట్టు బ్యాంకులో హోల్డ్ పెడతారు, అంటే కొంత మొత్తాన్ని వాడుకోకుండా ఆపి ఉంచుతారు. డెబిట్ కార్డైతే మీ సొంత డబ్బే స్తంభించిపోతుంది. చివర్లో మీరు నగదుతో బాకీ తీర్చినా ఆ హోల్డ్ వెంటనే పోదు, కొన్ని రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డుకు ఈ బాధ తక్కువ, తగ్గేది లిమిట్ మాత్రమే.

నా సలహా అడిగితే క్రెడిట్ కార్డు ఒకటి నమోదు చేసి, ఖర్చు మాత్రం నగదుతో తీర్చండి. చివరి రాత్రికి ముందు రోజు, లైను లేని వేళ చూసి, అప్పటిదాకా ఉన్న బాకీ కట్టేయండి. ఆ తర్వాత పడే చిన్నాచితకా కార్డు మీద పోతాయి. చివరి సాయంత్రం దాకా ఆగకండి, కౌంటర్ ముందు జనం కిక్కిరిసి ఉంటారు, రాత్రికి బిల్లు ముగించేస్తారు. కార్డు ఉండాలనడానికి అసలు కారణం వేరే ఉంది. ఓడలో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ బిల్లు కూడా ఈ ఖాతాలోకే వస్తుంది, అది నగదు జమకు అందేది కాదు.

కేసినోలో మాత్రం నగదు నేరుగా చెల్లుతుంది. గది ఖాతా నుంచి తీసి ఆడితే చాలా కంపెనీలు కొంత శాతం రుసుము వేస్తాయి, కాబట్టి అక్కడ నోట్లే మేలు.

డబ్బు ఓడ ఏ కరెన్సీలో లెక్క చూస్తుందో అందులోనే తీసుకెళ్లండి. అమెరికా కంపెనీలకు సాధారణంగా డాలర్లు, మధ్యధరా వైపు ఎమ్మెస్సీ, కోస్టా కంపెనీలకు యూరోలు. ఓడలో ఏటీఎం ఉంటుంది గానీ రుసుము ఎక్కువ, మార్పిడి రేటూ గిట్టుబాటు కాదు. 1, 5 డాలర్ల నోట్లు కొన్ని విడిగా పెట్టుకోండి. రేవులో సామాను మోసేవారికి, గదికి భోజనం తెచ్చేవారికి, ఒడ్డు మీద టాక్సీకి అవే కావాలి. మిగతాది గదిలోని సేఫ్‌లో పెట్టండి.

జమలో మిగిలింది సాధారణంగా వెనక్కి ఇస్తారు. దిగకముందే కౌంటర్‌లో అడిగి తీసుకోండి, దిగాక దానికోసం తిరగడం పెద్ద తలనొప్పి. ఎవరైనా ఇచ్చిన ఆన్‌బోర్డ్ క్రెడిట్ (ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి మీ ఖాతాలో వేసే మొత్తం) అయితే వెనక్కి వచ్చే రకమా, రాని రకమా అని ముందే కనుక్కోండి. రాని రకమైతే ముందు దాన్నే ఖర్చు పెట్టండి.