సర్పంచ్ అభ్యర్థి భార్య ప్రభుత్వ టీచరైతే ఓట్లు అడగొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తెలంగాణలో మీ బావగారు సర్పంచ్‌గా నిలబడ్డారు, మీ అక్కయ్య జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్. ఆవిడ సెలవు పెట్టి భర్త కోసం ఇంటింటికీ తిరగొచ్చా? హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాల సంగతేంటి? అవతలివాళ్లు కేసు వేస్తే గెలిచిన పదవి పోతుందా?

అక్కయ్యను తిరగనివ్వకండి. సెలవు పెట్టినంత మాత్రాన ఉద్యోగి కాకుండా పోరు. సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి (1964)లో ఉద్యోగులు ఎన్నికల ప్రచారం చేయకూడదనే 19వ నియమం చట్టసభల ఎన్నికలతో ఆగదు, స్థానిక సంస్థలకూ వర్తిస్తుంది. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు కాబట్టి ఇది రాజకీయం కిందికి రాదని చాలామంది టీచర్లు వాదిస్తారు. అక్కడ నిషేధం ప్రచారం మీద, పార్టీ ఉందా లేదా అని ఎవరూ చూడరు. భర్త కోసమైతే మినహాయింపు అనీ ఎక్కడా లేదు. ఓటు వేయొచ్చు, ఎవరికి వేస్తున్నారో బయటపెట్టకూడదు.

అసలు దొరికిపోయేది చిన్న విషయాల్లో. ఇంటికొచ్చినవాళ్లకు టీ ఇవ్వడం ప్రచారం కాదు. గ్లాసు చేతికిస్తూ "ఉంగరం గుర్తు మరిచిపోకు వదినా" అంటే ప్రచారమే. వాట్సాప్ స్టేటస్‌లో కత్తెర బొమ్మ, టెన్త్ పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో ఫార్వర్డ్ చేసిన కరపత్రం, స్కూటీ మీద స్టిక్కర్: ఫిర్యాదుల్లో స్క్రీన్‌షాట్లుగా వచ్చేవి ఇవే. ఒంటిమీద, వాహనం మీద, ఇంటిమీద గుర్తు పెట్టుకోవడం కూడా పలుకుబడి వాడటమేనని కేంద్ర ఉద్యోగుల నియమావళి 5వ నియమం వివరణలో సూటిగా ఉంది. భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఉంటే ఇది చిక్కే. బ్యానర్ ఇంటి గేటుకు కాకుండా ప్రచార ఆఫీసుకు కట్టించండి, స్కూటీని ఊరేగింపుకు ఇవ్వకండి. నామినేషన్‌ను ప్రతిపాదించడానికి గానీ, పోలింగ్ ఏజెంటుగా కూర్చోవడానికి గానీ ఆవిడ పేరు అస్సలు ఇవ్వొద్దు. ఆవిడకు వేరే మండలంలో ఎన్నికల డ్యూటీ పడి పోస్టల్ బ్యాలెట్ తీసుకుంటే, దాన్ని ఫొటో తీసి కుటుంబ గ్రూపులో పెట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

అంగన్‌వాడీ టీచర్ల సంగతి కొంచెం వేరు. వాళ్లది సివిల్ పోస్టు, అంటే ప్రభుత్వోద్యోగం కింద లెక్కయ్యే పోస్టు కాదని అమీర్బీ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. కాబట్టి 19వ నియమం నేరుగా తగలకపోవచ్చు. అలాగని తిరగొచ్చని కాదు. నియామక షరతులు, ఎన్నికల సంఘం ఆదేశాలు వేరే దారిలో వచ్చి పట్టుకుంటాయి.

చుట్టాలు నిక్షేపంగా తిరగొచ్చు. ఓటు అడగాలంటే ఆ ఊళ్లో ఓటరై ఉండాలన్న రూలేమీ లేదు. ఎప్పటివరకన్నదే చూసుకోవాలి. పోలింగ్ మధ్యాహ్నం 1 గంటకు ముగుస్తుంది, ప్రచారం దానికి 44 గంటల ముందు, అంటే రెండు రోజుల ముందు సాయంత్రం 5కే ఆగాలి. ఆ తర్వాత బయటివాళ్లు ఊళ్లో ఉంటే ఫ్లయింగ్ స్క్వాడ్ (ఎన్నికల తనిఖీ బృందం) వెళ్లిపొమ్మంటుంది. వాళ్ల కార్లు, భోజనాలు మీ బావగారి ఖర్చు లెక్కలోకే వస్తాయి. సర్పంచ్‌కు పరిమితి 5,000 జనాభా దాటితే రెండున్నర లక్షలు, లోపైతే లక్షన్నర. ఫలితం వచ్చిన 45 రోజుల్లో లెక్క ఇవ్వకపోతే పోటీకి అనర్హత పడుతుంది. ఓడినవాళ్లు దీన్నే ఎక్కువగా మరిచిపోతారు.

ఇక పదవి పోతుందా అన్నది. రెండు దారులను కలిపేసుకుంటున్నారు. అక్కయ్య మీద ఫిర్యాదు కలెక్టర్‌కో, పరిశీలకుడికో వెళ్తుంది, అక్కణ్నుంచి డీఈఓకు (జిల్లా విద్యాధికారికి). మెమో, విచారణ, ఒక్కోసారి ముందే సస్పెన్షన్. ఇది రోజుల్లోనే మొదలైపోవచ్చు. బావగారి ఎన్నిక రద్దు కావాలంటే మాత్రం ఫలితం వచ్చాక ఎన్నికల ట్రిబ్యునల్లో పిటిషనే వేయాలి. పంచాయతీ ఎన్నికను ఎన్నికల పిటిషన్‌తో తప్ప ప్రశ్నించకూడదనే రాజ్యాంగం 243-ఓ అధికరణ అడ్డం కాబట్టి నేరుగా హైకోర్టుకు వెళ్తే సాధారణంగా తిప్పి పంపేస్తారు.

ట్రిబ్యునల్లో కేసులు వీగిపోయేది కాగితాల్లోనే. అభ్యర్థి గెలుపు కోసం ప్రభుత్వ ఉద్యోగుల సాయం తీసుకోవడం అవినీతి చర్య అనే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(7)ను ఎత్తి రాసేస్తారు. అది పార్లమెంటు, అసెంబ్లీలకు. అందులోనైనా ఉద్యోగులందరూ లేరు, గెజిటెడ్ అధికారులు, పోలీసులు, ఎక్సైజ్ లాంటి కొన్ని తరగతులే. పంచాయతీకి 2018 పంచాయతీరాజ్ చట్టం చూపాలి. అభ్యర్థికి తెలిసి, అతని సమ్మతితో జరిగిందని క్రిమినల్ కేసు స్థాయిలో రుజువు కావాలి. ఏ రోజు, ఏ వీధి, ఎవరితో, ఏమని అడిగారన్నది పిటిషన్‌లోనే ఉండాలి. భార్యాభర్తలు పక్కపక్కన నడుస్తున్న ఫొటో ఏదీ నిరూపించదు. వీడియోకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి. దీనికి ముందున్న ఎవిడెన్స్ యాక్టులోని 65-బి ధ్రువపత్రం తప్పనిసరని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, అదీ ఎన్నికల వివాదమే. కొత్త ఫారంలో పార్ట్-ఎ వీడియో ఇచ్చేవాళ్లు, పార్ట్-బి నిపుణుడు నింపాలి, ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే కోడ్) రాయాలి. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన కాపీతో ఇది కుదరదు, తీసిన ఫోన్ అలాగే ఉండాలి. అవతలివాళ్లు వేస్తే మీ లాయర్ మొదట అడగాల్సింది ఆ ఫోనే.