మోకాలి లిగమెంట్ తెగింది, ఆపరేషన్‌కి తొందరెందుకు?

చి. సురేష్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఎమ్మారై రిపోర్టు చదివాను. ఏసీఎల్ అనే లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టే తాడు) పూర్తిగా తెగింది. లోపలి వైపు లిగమెంట్ కాస్త సాగింది. రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌కి ఏమీ కాలేదు, అది నీ అదృష్టం. వచ్చే వారమే ఆపరేషన్ చేయించుకుంటానన్నావట. ఆగు నాన్నా. వాచి బిగుసుకున్న మోకాలికి ఆపరేషన్ చేస్తే లోపల మచ్చలాంటి గట్టి పొర పేరుకునే ప్రమాదం ఎక్కువ. అలా జరిగితే తర్వాత కాలు పూర్తిగా చాపడం రాదు, మడవడం రాదు. ముందు వాపు తీయాలి, కాలు నిటారుగా చాపగలగాలి, కుంటకుండా నడవాలి. మామూలుగా దీనికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. మెనిస్కస్ ముక్క మడతపడి మోకాలు ఇరుక్కుపోయిన వాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి ఆలస్యం పనికిరాదు.

ఏసీఎల్ అంటే మోకాలి నడిమధ్య ఏటవాలుగా ఉండే తాడు. కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచుతుంది. కబడ్డీ ఆడుతూ నీ పాదం మ్యాట్‌కి అతుక్కుని ఉండగా ఒళ్ళు తిప్పావు, అప్పుడే డిఫెండర్ చీలమండ పట్టాడు. టప్‌మని వినబడిందన్నావు, రెండు గంటల్లో మోకాలు బుంగలా ఉబ్బిందన్నావు. లోపల నెత్తురు చేరితేనే అంత త్వరగా వాస్తుంది. మెనిస్కస్ ఒక్కటే దెబ్బతింటే వాపు ఎక్కువగా మర్నాటికి మెల్లగా వస్తుంది.

ఆముదం కాచి రుద్దమని, నాటు కట్టు వేయించమని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. రెండూ వద్దు. రుద్దితే, వేడి కాపడం పెడితే వాపు పెరుగుతుంది. కదలకుండా కట్టేస్తే తొడ కండ చూస్తుండగానే కరిగిపోతుంది. ఐసు గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి పెట్టు. క్రేప్ బ్యాండేజ్ పిక్క దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టు, వేళ్ళు తిమ్మిరెక్కితే వదులు చెయ్యి. కాలు ఎత్తున పెట్టుకునేటప్పుడు దిండు మోకాలి కింద కాదు, మడమ కింద. మోకాలి కింద దిండు హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు వంకరగానే బిగుసుకుపోతుంది. ఈ పొరపాటు దాదాపు ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది.

మడమ కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టి మోకాలిని గాల్లో వదిలెయ్యి. పది నిమిషాలు, రోజుకి నాలుగుసార్లు. తర్వాత తొడ ముందు కండని బిగించి మోకాలిని మంచానికి నొక్కి, ఐదు అంకెలు లెక్కపెట్టి వదులు. పూటకి 20 సార్లు. అది సరిగ్గా వచ్చాకే కాలు నిటారుగా ఎత్తే వ్యాయామం. ఎత్తేటప్పుడు మోకాలు కొంచెం వంగినా ఆపేసి మళ్ళీ నొక్కడం దగ్గరికే రా.

సాగిన లోపలి లిగమెంట్‌కి మోకాలి దగ్గర కీలు ఉన్న బ్రేస్ (పట్టీ) వేస్తే ఆరు వారాల్లో సాధారణంగా మానుతుంది. ఏసీఎల్‌కి అంత నమ్మకం లేదు. తెగినవాళ్ళందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, ఆఫీసు పని, నడక వరకే అయితే మూడు నెలల వ్యాయామం చేశాక మోకాలు జారుతోందో లేదో చూసి నిర్ణయించుకోవచ్చు. నువ్వు కబడ్డీ మళ్ళీ ఆడాలంటున్నావు. నీకు ఆపరేషనే మంచిదని నా అభిప్రాయం.

ఆపరేషన్‌లో తెగిన ఏసీఎల్ స్థానంలో నీ ఒంట్లోంచే తీసిన కొత్త తాడు వేస్తారు, అది ఎక్కడినుంచి తీస్తారో డాక్టర్‌గారిని అడుగు. తొడ వెనక టెండన్ (కండని ఎముకకి కట్టే తాడు) తీస్తే మడమని వెనక్కి లాగే బలం కొన్నాళ్ళు తగ్గుతుంది. మోకాలిచిప్ప కింది టెండన్ తీస్తే మోకాళ్ళ మీద వాలినప్పుడు నొప్పి మిగలొచ్చు, నీ ఆటలో మోకాళ్ళ మీద పడడం తప్పదు కదా. అది గుర్తుచేసి మాట్లాడు.

అసలు ప్రమాదం ఆపరేషన్ అయ్యాక వస్తుంది. రెండు వారాలకి 90 డిగ్రీలు మడుస్తావు, ఆరు వారాలకి 120 దాకా రావచ్చు. నొప్పి ఉండదు, బాగైపోయిందనిపిస్తుంది. కొత్త తాడు అత్యంత బలహీనంగా ఉండేది సరిగ్గా అప్పుడే, 6 నుంచి 12 వారాల మధ్య. పాత కణాలు చచ్చి, కొత్త రక్తనాళాలు ఎక్కుతున్న సమయం అది. బండి కిక్ కొట్టడం, బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం, తడి బాత్రూంలో గిర్రున తిరగడం, అన్నీ మానెయ్యి. ఆ నెలలు వెస్టర్న్ టాయిలెట్ వాడు. పరుగు మూడు నాలుగు నెలల తర్వాత, అదీ తొడ బలం చూసి. కబడ్డీ తొమ్మిది నెలలకి ముందు వద్దు. తొమ్మిది నిండినా ఒంటికాలి గెంతులో, తొడ బలంలో ఈ కాలు రెండోదానికి 90 శాతమైనా తూగాలి. టోర్నమెంట్ ఉందని కోచ్ అడిగితే ఈ లెక్క చూపించు.

పిక్క గట్టిపడి నొప్పిగా వాచినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళు. పిక్క నొప్పితో పాటు ఆయాసం వస్తే అరగంట కూడా ఆగొద్దు.

ఈ వారం పని ఒకటే. బోర్లా పడుకుని రెండు మోకాళ్ళ కింది భాగం మంచం అంచు బయట వేలాడనివ్వు. రెండు మడమల ఎత్తులో తేడా అమ్మ చేత స్కేలుతో కొలిపించు. ఒక సెంటీమీటరు తేడా అంటే సుమారుగా ఒక డిగ్రీ తక్కువ చాపుతున్నావని. ఆదివారం ఆ అంకె చెప్పు.

పెద్దమ్మ