శరణార్థులకు ముందు బియ్యం ఇవ్వాలా, వండిన అన్నం పెట్టాలా?

మొదటి రోజుల్లో వండిందే పెట్టాలి. 2017 ఆగస్టు 25 తర్వాత 7 లక్షలకు పైగా రోహింగ్యాలు మయన్మార్ వదిలి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ చేరారు. గిన్నె లేదు, పొయ్యి లేదు. బియ్యం చేతిలో పెట్టి ఏం లాభం? అందుకే సిక్కుల సంస్థ ఖల్సా ఎయిడ్ అక్కడి సరిహద్దు ఊరు టెక్నాఫ్ దగ్గర లంగర్ (అందరికీ ఉచితంగా వండి పెట్టే వంటశాల) నడిపింది. వచ్చినవాళ్లు ముస్లింలు, వడ్డించినవాళ్లు సిక్కులు. 1994 నాటి రెడ్‌క్రాస్ నియమావళి చెప్పేదీ అదే: సాయాన్ని మతప్రచారానికి వాడకూడదు.

గిన్నెలు, గ్యాస్ అందాక సరుకులకు మారవచ్చు. మనిషికి రోజుకు సుమారు 2,100 కిలోక్యాలరీలు కావాలి: 400 గ్రాముల బియ్యం, 60 గ్రాముల పప్పు, 25-30 గ్రాముల నూనె, 5 గ్రాముల ఉప్పు, కాస్త బలవర్ధక పిండి. ఇంధనం లేకుండా సరుకులిస్తే చుట్టుపక్కల అడవి పొయ్యిలోకి పోతుంది, లేదా బియ్యంలో కొంత అమ్ముకుని కట్టెలు కొంటారు. కాక్స్ బజార్ కొండలు బోడి కావడానికి అదీ ఒక కారణం.

జాలితో చేసే పెద్ద తప్పు పసిపిల్లల విషయంలో. 6 నెలలు నిండి 5 ఏళ్లలోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 115 మిల్లీమీటర్లకు తగ్గితే అది తీవ్ర పోషకాహార లోపం. ఒక్కసారిగా కడుపునిండా తినిపిస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె ఆగవచ్చు. ఆ బిడ్డను వడ్డన వరుసలోంచి తప్పించి వెంటనే వైద్య శిబిరానికి పంపాలి.