కొండల్లో వేటకి ఏ రైఫిల్, ఏ క్యాలిబర్ (తూటా సైజు) తీసుకోవాలి?

కొండల్లో జింక, కొండగొర్రె వేటకి మొదటి రైఫిల్ కొంటున్నానని, .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అనే బలమైన తూటాది తీసుకుంటే అన్నిటికీ పనికొస్తుంది కదా అని అడిగారు. నేనూ సరిగ్గా ఇదే లెక్క వేసుకుని అదే కొన్నాను. రెండేళ్లకి అమ్మేశాను.

తూటా బలానికి వంక పెట్టడానికి లేదు. తంటా అంతా నా భుజంతోనే. కొండెక్కాలి కదా అని మూడు కిలోల లోపు రైఫిల్ తీసుకున్నాను. అంత తేలిక తుపాకీలో ఈ మ్యాగ్నమ్, .308 అనే మామూలు క్యాలిబర్ కన్నా ఒకటిన్నర రెట్లు పైనే వెనక్కి తంతుంది. పది తూటాలు కాల్చేసరికి ఇక చాలు బాబోయ్ అనిపించేది. ఒకరోజు షూటింగ్ రేంజ్‌లో స్నేహితుడు నాకు చెప్పకుండా మధ్యలో ఒక డమ్మీ (పేలని) తూటా పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’ మంది, అంతే. పేలుడే లేదు, అయినా బ్యారెల్ మూతి రెండు వేళ్ల మందాన కిందికి దిగిపోయింది, కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. కొండమీద రెండుసార్లు గురి తప్పితే గాలి మీదకి నెట్టేశాను. తప్పు గాలిది కాదు, తన్నుకి ముందే బెదిరిపోయే నాదని ఆరోజు తెలిసింది.

ఇప్పుడు నా దగ్గరున్నది .308. అదిగానీ, 6.5 క్రీడ్‌మూర్, 7ఎంఎం-08, .270 క్యాలిబర్లలో ఏదైనా సరే, 300 మీటర్ల లోపు మీరు చెప్పిన జంతువులకి నిక్షేపంగా సరిపోతుంది. .270 వచ్చింది 1925లో, ఇప్పటికీ కొండవేటగాళ్లు దాన్ని వదల్లేదు. ఎల్క్ (భారీ జింక) అంత పెద్దదాని మీద మనసుంటే .30-06 చూడండి. మీరు వేటాడే చోట ఏ జంతువుకి కనీసం ఏ క్యాలిబర్ ఉండాలన్న నిబంధన ఉందేమో ముందే కనుక్కోండి.

బరువు స్కోప్‌తో కలిపి మూడున్నర కిలోల దగ్గర ఉంటే మేలు. ఇంకా తగ్గిస్తే మోయడానికి హాయే గానీ, ఎక్కి ఎక్కి రొప్పుతున్నప్పుడు గురి నిలవదు. 3-9×40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, ముందు లెన్స్ 40 మి.మీ.) చాలు. చెక్క స్టాక్ (భుజానికి ఆనించే భాగం) చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, తడిస్తే ఉబ్బి గురి మారిపోవచ్చు. నేనైతే సింథటిక్కే తీసుకుంటాను. సన్న బ్యారెల్ రెండు మూడు తూటాలకే వేడెక్కిపోతుంది, జీరో చేసేటప్పుడు, అంటే స్కోప్ గురిని తూటా తగిలే చోటికి సరిచేసేటప్పుడు, మధ్యమధ్యలో చల్లారనివ్వండి.

క్యాలిబర్ గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లు వాలు సంగతి మర్చిపోతారు. 30 డిగ్రీల వాలులో జంతువు 400 మీటర్ల దూరంలో ఉంటే, తూటా కిందికి జారే లెక్క సుమారు 346 మీటర్లకే వేసుకోవాలి. పైకి కాల్చినా కిందికి కాల్చినా అంతే. 400కే లెక్క వేస్తే తూటా వీపు మీదుగా పోతుంది. కోణం లెక్కగట్టే రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

కొనేముందు ఎవరినైనా అడిగి మ్యాగ్నమ్, .308 రెండూ కాల్చి చూడండి, బల్ల మీద పెట్టి కాదు, నేల మీద కూర్చుని. ఆ డమ్మీ తూటా కూడా పెట్టమనండి, ఎన్నో తూటాగా పెట్టారో మీకు మాత్రం చెప్పొద్దనండి.