మొదటి ఛార్జ్ పేలగానే బోర్డు రీసెట్ అవుతుంటే
మీ మోడల్ రాకెట్‌లో అపోజీ ఛార్జ్ (అత్యంత ఎత్తుకు చేరినప్పుడు పేలే కొద్దిపాటి బ్లాక్ పౌడర్, అంటే పేలుడు మందు) పేలగానే, పారాచూట్లను విడుదల చేసే ఎలక్ట్రానిక్ బోర్డు రీసెట్ అయి, ఆ తర్వాత రావాల్సిన మెయిన్ పారాచూట్ రాలేదన్నారు కదా. నాకు ప్రోగ్రామ్ కన్నా బ్యాటరీ మీదే అనుమానం. ఛార్జ్‌ను అంటించే ఇగ్నైటర్ పేలాక ఒక్కోసారి లోపల షార్ట్ అయి కరెంటు లాగేస్తుంది. 9 వోల్టుల చిన్న బ్యాటరీ వోల్టేజ్ అప్పుడు కుప్పకూలుతుంది. మీ బోర్డు మాన్యువల్ ఒప్పుకుంటే 2 సెల్స్ లైపో బ్యాటరీ (లిథియం పాలిమర్, 7.4 వోల్టులు) వాడండి. దాన్ని జిప్ టైలతో స్లెడ్‌కు (రాకెట్ లోపల బోర్డును అమర్చే పలకకు) బిగించండి. స్ప్రింగ్ హోల్డర్ మాత్రం వద్దే వద్దు, కుదుపుకు క్షణం కాంటాక్ట్ పోయినా రీసెట్టే.

స్క్రూ టెర్మినల్‌లోకి వెళ్ళే పోగుల వైరు కొసకు సోల్డర్ పూయకండి. స్క్రూ ఒత్తిడికి సోల్డర్ నెమ్మదిగా అణిగి వైరు వదులవుతుంది. బిగించాక ఒక్కో వైరునూ లాగి చూడండి.

తర్వాత బ్లాక్ పౌడర్ లేకుండా, ఉత్త ఇగ్నైటర్‌తో నేలమీద పేల్చి చూడండి. కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి. ప్రతి ఇగ్నైటరూ షార్ట్ కాదు, అందుకే ఒక్క పరీక్ష నెగ్గితే చాలదు.